సున్నం దగ్గు

మా వదిన ఇక లేదని మదనపల్లె ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను కుప్పంలో మా ఇంట్లో దీపం వెలిగిస్తున్నాను. ముందురోజే డాక్టర్లు "కొంచెం తేలిగ్గా ఉంది" అన్నారు. ఆ మాట నమ్మి ఇంటికి వచ్చాను. వెలిగిన దీపం ముందే కూర్చుండిపోయాను.

వదిన నా భర్తకు అక్క. పుంగనూరు దగ్గర పల్లెలో పట్టుపురుగులు పెంచేది. పురుగుల గది ఆమెకు గర్భగుడి. కాళ్లు కడుక్కుని, గడపలో పోసిన సున్నం తొక్కి, చీర మార్చుకున్నాకే లోపలికి పోయేది. ఏ వాసనా పురుగులకు తగలకూడదు. నేను పూజ చేసుకుని వెళ్తే గుమ్మంలోనే ఆపేసేది.

"కర్పూరం వాసన ఏసుకోని వచ్చినావు. ఆడనే నిలబడుమ్మా."

నేనేదో జవాబు చెబితే నవ్వేది. "నువ్వు మాట్లాడేది దేవునికి యినపడతాదేమో గానీ, నాకు యాడ యినపడేది? గట్టిగా సెప్పు."

మా కబుర్లన్నీ అలా గుమ్మానికి అటూ ఇటూ సాగేవి. పురుగులు ఆకు మేసే చప్పుడు సన్నటి వానలా వినపడేది. మధ్యలో ఆమె దగ్గు. పంట పంటకూ గదిలో సున్నం, బ్లీచింగ్ పొడి చల్లుతారు. చల్లినవాళ్లకు దగ్గు వస్తుంది, పోతుంది. సున్నం దగ్గు అంటారు దాన్ని. ఎవరూ పట్టించుకోరు. నా పిల్లలు చిన్నప్పుడు దగ్గితే మాత్రం "పిల్లోళ్ల దగ్గును నానబెట్టొద్దు" అని తానే చంకనేసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తేది. ఆ రుణం తీరేది కాదు.

ఈసారీ అందరం సున్నం దగ్గే అనుకున్నాం. కానీ ఫోన్‌లో ఆమె మాట మధ్యలో తెగి, ఊపిరి తీసుకుని మళ్లీ మొదలవుతుంటే నాకు భయం పట్టుకుంది. మర్నాడే బస్సెక్కాను. చలిజ్వరం వస్తోందని, గాలి పీలిస్తే పక్కటెముకల్లో పోటని ఆమె కోడలు చెప్పింది.

"ఆస్పత్రికి పోదాం వదినా."

"పురుగులు గూడు కట్టే ముందర యాడికి పోయేది? బయట తిరిగొస్తే వాటికి రోగం తెస్తానమ్మా. గూళ్లు దించినాక పోదాం."

తెల్లారేసరికి పెదాలు నల్లబడ్డాయి. ఇక ఆమె మాట వినకుండా మదనపల్లెకు తీసుకుపోయాం. ఎక్స్‌రే చూసి న్యుమోనియా అన్నారు, రెండు ఊపిరితిత్తులకూ పాకిందన్నారు. "ఇంత దాకా ఏం చేస్తాండారు?" అని డాక్టరమ్మ అడిగింది.

నేను స్వామిని తలుచుకుంటూ, వదిన ఛాతీ లేచి పడటమే చూస్తూ కూర్చున్నాను. ఆరోజు ఆమె నన్ను దూరం నిలబడమనలేదు. ఆక్సిజన్ మాస్కు కాస్త పక్కకు జరిపి కోడలిని అడిగింది.

"ఆకు ఏసినారా?"

"ఏసినాంలే అత్తా. నువ్వు మాట్లాడొద్దు."

వదిన నోట నేను విన్న ఆఖరి మాట ఆ ఆకు గురించే.

గూళ్లు మంచిగా వచ్చాయి. కర్మ అయిపోయాక, కొత్త పురుగులు తెచ్చేందుకు వదిన భర్త గదిలో సున్నం చల్లుతున్నాడు. నేనూ కోడలూ బయట తట్టలు ఎండబెడుతున్నాం. లోపల దగ్గు వినపడింది. ఇద్దరి చేతులూ ఆగిపోయాయి.

"సున్నమేలేమ్మా," అన్నాడు ఆయన లోపలి నుంచే.

"అన్నా, బయటికి రా!"

అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు. ఆయన ఉలిక్కిపడి గుమ్మంలోకి వచ్చాడు. రెప్పల మీద కూడా తెల్లటి పొడి. వెనక గదిలో సున్నం ఇంకా గాలిలోనే తేలుతోంది. ఆయన ఊపిరి పీల్చుకుంటుంటే, మళ్లీ దగ్గు వస్తుందేమోనని మేమిద్దరం అలాగే నిలబడి చూస్తున్నాం.