లోపలి గడియ

నేను కాపురానికి వచ్చేసరికి రామచంద్రపురంలోని మా అత్తవారింట్లో వీధి తలుపు, దొడ్డి తలుపు తప్ప మరో తలుపు లేదు. లోపలి మూడు గదులకూ గుమ్మాలుండేవి, వాటికి కర్టెన్లు వేలాడేవి. అవి డెబ్బైల చివరి రోజులు. మామగారికి బజారులో కిరాణా కొట్టు. కొట్లో పట్టని సరుకంతా మా గదిలోనే. చింతపండు బుట్టలు, బెల్లం దిమ్మలు, వాటి పక్కన మా మంచం. గుమాస్తా ఏ వేళప్పుడైనా కర్టెన్ తొలగించుకుని వచ్చి కావలసింది ఎత్తుకుపోయేవాడు.

ఒక ఉదయం నేను స్నానం చేసి వచ్చి చీర కట్టుకుంటుండగా అతను లోపలికి వచ్చేశాడు. గతుక్కుమని, తల దించుకుని వెనక్కి వెళ్ళిపోయాడు. అతని తప్పేమీ లేదు. నాకు మాత్రం ఆ రోజు అన్నం సయించలేదు. మా ఆయనతో చెబితే, "చిన్నప్పట్నుంచీ మన ఇంట్లో తిరిగినవాడే. దానికింత రాద్ధాంతం ఏంటి?" అన్నారు.

మా గదికి తలుపు పెట్టించమని మామగారినే అడిగాను. కోడలు ఎదురుగా నిలబడి ఒకటి అడగడం ఆ ఇంట్లో అదే మొదలు. ఆయన కోప్పడలేదు.

"చేయిస్తే మూడు గదులకీ చేయించాలమ్మా. నీ ఒక్క గదికే అంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? కర్రకైతే ఇప్పుడు నా దగ్గర డబ్బుల్లేవు. వడ్రంగి కూలి నేనిస్తాను."

అలా మూడు తలుపుల కర్రా నా నెత్తిన పడింది. మా అమ్మ పెట్టిన జూకాలు అమ్మాను. ఇరుగుపొరుగు వాళ్ళకి జాకెట్లు కుట్టి దాచుకున్నది దానికి కలిపాను. టేకు జోలికి పోవద్దని వడ్రంగి ముందే చెప్పాడు. వేపకర్రతో సరిపెట్టాం.

కర్ర కొంటే అయిపోతుందనుకున్నాను. ఆ ఇంటి గోడలు ఓ పక్కకి దిగి ఉన్నాయి, గుమ్మాలు వంకర. తలుపు నిలబెడితే పైన పట్టేసేది, కింద సందు కనిపించేది. దింపి చిత్రిక పట్టడం, మళ్ళీ ఎత్తి చూడడం. వడ్రంగికి రెండో వైపు తలుపు పట్టుకున్నది నేనే. ఈలోగా వానలు పట్టుకుని చెక్క ఉబ్బింది, పని మళ్ళీ మొదటికొచ్చింది. రంగు వేసే మనిషిని పెట్టుకునే స్తోమత లేదు. గరుకు కాగితంతో రుద్ది, లప్పం పెట్టి, ఆరాక మళ్ళీ రుద్ది, ఆకుపచ్చ ఎనామిల్ నేనే వేశాను. వేళ్ళ చివర్లు పగిలిపోయి పచ్చడి కలిపితే భగ్గుమనేవి. అత్తగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఈ వాసనకి నా తల పగిలిపోతోంది," అనేవారు.

ఇక గడియలు బిగించడమే మిగిలింది. ఆ సమయంలో మా నాన్న సంవత్సరీకానికి పుట్టింటికి వెళ్ళాల్సి వచ్చింది. తిరిగొచ్చి చూస్తే గడియలన్నీ బయటివైపే ఉన్నాయి. లోపల ఒక్కటీ లేదు.

"సరుకుండే గదికి లోపల గడియేంటమ్మా? నువ్వేసుకుని కూర్చుంటే గుమాస్తా గుమ్మంలో పడిగాపులు పడాలా?" అన్నారు మామగారు.

"అందుకే కదండీ మామయ్యగారూ, తలుపు కావాలన్నది."

"వేసుంటే పిలిచే వస్తాడులే."



మర్నాడు ఇనప సామాన్ల కొట్లో ఒక చిన్న గడియ కొని తెచ్చి నా చేత్తోనే బిగించాను. వంకరగా పడింది కానీ పడింది. సాయంత్రం మా ఆయన పట్టకారు తెచ్చి దాన్ని పీకి బల్ల మీద పెట్టారు. "నాన్నగారి మాటంటే లెక్కలేదా నీకు?" అన్నారు. మేకుల కన్నాలకి మళ్ళీ లప్పం పెట్టి రంగు పూసుకున్నాను.

తర్వాతి వేసవిలో మా మరిది పెళ్ళి కుదిరింది. వీధి వైపు గది వాళ్ళకిచ్చారు. పెళ్ళి ముందు వడ్రంగిని పిలిపించి, దగ్గరుండి ఆ తలుపుకి లోపల ఇత్తడి గడియ వేయించారు మామగారు.

"ఆ పిల్ల కాకినాడలో చదువుకుంది. తలుపేసుకునే అలవాటుంటుంది కదా," అన్నారు అత్తగారు.

"మరి నాకెందుకు వద్దన్నారండీ?"

"నువ్వు సర్దుకుపోతావు కదమ్మా." మెచ్చుకున్నట్టే అన్నారు. "గడియ దగ్గర రంగు పెచ్చులూడింది, చూడు. నీకు చేతనవును కాబట్టి కాస్త నువ్వే వేసెయ్యి."

వేశాను. వచ్చే పిల్ల మీద నాకు కోపం లేదు. ఎవరి మీద ఉందో వాళ్ళకి చెప్పే ధైర్యమూ లేదు.

కొన్నేళ్ళకి కొట్టు వెనకాల గోడౌను కట్టారు. సరుకంతా అక్కడికి పోయింది. మా గది ఖాళీ అయింది. అప్పుడొకరోజు మా ఆయనకి ఎందుకు తోచిందో, "ఇప్పుడు కావాలంటే లోపల గడియ వేయించుకో," అన్నారు.

"అక్కర్లేదండి," అన్నాను.

"అదీ నిజమేలే," అని, చెప్పులేసుకుని తేలిగ్గా కొట్టుకి వెళ్ళిపోయారు.