హనుమక్క మానేసిన కాపీ

ధర్మవరంలో పచ్చిపట్టు ఉడకబెట్టి మగ్గాల వాళ్లకిచ్చే హనుమక్కకు నురగ కొత్త కాదు. సోడా, సబ్బు కలిపిన నీళ్లు రాగి అండాలో మరుగుతుంటే, పట్టుదారపు చుట్టలు, లడులు అందులో మునిగి తమ ఒంటి జిగురునంతా ఆ నీళ్లకు అప్పగించేవి. అండా మీద తెల్లటి నురగ మల్లెలు విచ్చినట్టు లేచేది. ఎండుగడ్డిలా బిరుసుగా దిగిన దారం ఆ నురగలోంచి మెత్తగా, మెరుస్తూ పైకొచ్చేది. మంట మీద ఇంకాసేపు ఉంచితే మాత్రం సత్తువ కూడా జిగురు వెంటే పోతుంది. అట్లాంటి దారం మగ్గమెక్కితే పుటుక్కున తెగుతుంది. అందుకే ఆమె చూపెప్పుడూ నురగ మీదే ఉండేది.

1964 ఎండాకాలంలో ఒకనాడు తెల్లవారుజామున, పెరట్లో నీళ్లు పోసుకునే జాలాడి బండ మీద, ఆమె తన మూత్రంలో ఆ నురగను చూసింది.

చెంబుతో నీళ్లు పోసింది. బుడగలు చెదిరి, బండ వారన మళ్లీ ఒకచోట చేరాయి. ఇంకో చెంబు పోసింది. ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగింది. పెరట్లో ఎవరూ లేరు. దండెం మీద ఆరేసిన పట్టు గాలికి కదులుతోంది. నాలోపల ఏం ఉడుకుతాందో, నాలోంచి ఏం వదిలిపోతాందో అనుకుంది.

ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం.

ఆ భయానికి ఒక ముఖం ఉంది. అది ఆమె అక్క ఉలిగమ్మది. పెనుకొండలో కాపురమున్న అక్క ఏడేళ్ల కిందట పోయింది. మొదట మూత్రంలో ఇట్లాంటి నురగే వచ్చిందట, ఆ వెనక పాదాలు వాచాయి. తర్వాత కనురెప్పలు. పోయే ముందు హనుమక్క చూడబోతే, మంచం మీద అక్క చీర కట్టుకుని ఇంకెవరో పడుకున్నట్టుంది. బుగ్గ మీద వేలు పెడితే గుంట పడి అట్లాగే ఉండిపోయింది. నెమ్మదిగా పిలిస్తే ఆ వాపులోంచి, ఎక్కడో బావి అడుగు నుంచి వచ్చినట్టు, అక్క గొంతు పలికింది: "ఎవురూ, మా అనుమక్కనా?"

ఉలిగమ్మకు కాపీ అంటే ప్రాణం. గింజలు బెంగళూరు నుంచి తెప్పించుకునేది. ఇనప పెనం మీద నల్లగా వేయించి, తిరగలిలో విసిరి, గుడ్డలో వడగట్టి, బెల్లం వేసుకుని తాగేది. పొద్దున తాగి, మధ్యాహ్నం తాగి, దీపాలు పెట్టే వేళ మళ్లీ తాగేది. చెల్లెలికి అలవాటు చేసిందీ ఆమే. అందుకే ఉలిగమ్మ పోయిననాడు పాడె పక్కన కూర్చున్న ఒక ముసలామె, "కాపీ పోసి పోసి లోపలంతా కాల్చుకునె తల్లి. నీళ్లు వడగట్టే కాయలు మాడిపోతే ఇంగ ఒళ్లు వాయక ఏమైతాది?" అనగానే అందరూ తలలూపారు. ఎందుకు చచ్చిపోయిందో తెలియని చావుకి ఒక కారణం దొరికింది. హనుమక్క కూడా దాన్ని గట్టిగా పట్టుకుంది.

ధర్మవరం తిరిగి వచ్చిన రోజే కాపీ మానేసింది. పొడి డబ్బా తీసుకెళ్లి పక్కింటి చౌడమ్మకు ఇచ్చేసింది.

"ఏమే అనుమక్కా, సన్నాసం పుచ్చుకుంటాండావా? రేపు బియ్యం డబ్బా కూడా తెచ్చిస్తావేమో!" అని చౌడమ్మ నవ్వింది.

"నవ్వుకో. నువ్వూ మానెయ్ చౌడీ. మా అక్క ముఖం చూసింటే నీకు ఈ నవ్వు వచ్చేది కాదు."

"నేను చచ్చేది కాపీ తాగే చస్తా. మానేసి చస్తే మా ఆయన మీద కోపంతో చచ్చినానంటారు."

మానేసిన రెండో రోజుకే తలనొప్పి పట్టుకుంది. కణతల్లో ఎవరో మేకులు దిగ్గొడుతున్నట్టు, కళ్ల వెనక మగ్గం ఆడుతున్నట్టు నొప్పి. అండా ముందు పొగలో కూర్చుంటే వాంతి వచ్చేది. అప్పుడు చౌడమ్మే జాలిపడి అంగట్లోంచి ఒక తెల్లటి బిళ్ల తెచ్చిచ్చింది. మింగిన కాసేపటికి తల తేలికైంది. పొద్దున కిటికీ తెరిచినట్టు లోపలంతా వెలుతురు పరుచుకుంది. ఇంత చిన్న బిళ్లలో ఇంత చల్లదనమా అనుకుంది హనుమక్క.

ఆ తర్వాత అది అలవాటైంది. పొద్దున లేవగానే ఒకటి, అండా ఎక్కించాక ఒకటి, నొప్పి ఎక్కువుంటే ఇంకొకటి. వక్కాకు తిత్తిలో వక్కల పక్కనే బిళ్లలూ ఉండేవి. నల్లటి కాపీ గండం నుంచి తెల్లటి బిళ్ల తనను గట్టెక్కించిందని ఆమె నమ్మకం. ఎండాకాలాలు, వానాకాలాలు గడిచాయి. ఏడో ఏట జాలాడి బండ మీద నురగ కనిపించింది.

ఆమె ఎంత దాచినా కాళ్లు దాగలేదు. ఒక సాయంత్రం కోడలు లక్ష్మీనరసమ్మ కాళ్లకు నూనె రాస్తూ ఆగిపోయింది.

"అత్తా, ఈడ నొక్కితే గుంట పడతాంది."

హనుమక్క కాళ్లు చటుక్కున లాక్కుని చీర కప్పుకుంది. "ఎండకు. రోంత నీరు పట్టింటాది."

"ముఖమూ ఉబ్బింది. అద్దం చూసుకున్నావా?"

చూసుకోలేదు. అద్దంలో తన చీర కట్టుకుని అక్క నిలబడి ఉంటుందని ఆమె భయం. కోడలి చేతిని పట్టుకుంది. "లచ్చిమీ, నేను కాపీ మానేసి ఏడేండ్లాయ గదా? మళ్లీ ఏంటికిట్ల అయితాంది?"

హిందూపురంలో పెద్ద డాక్టరు ఉన్నాడని విని, లక్ష్మీనరసమ్మ అత్తను రైలెక్కించింది. అక్క ఊరు పెనుకొండ స్టేషన్‌లో బండి ఆగినంతసేపూ హనుమక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని, కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. కొండ మీది కోట గోడల నీడలు పెట్టెలోకి జారి ఆమె ఒళ్లో పడ్డాయి. బండి కూత వేసినప్పుడు ఆ నీడలు తనను వదిలి వెళ్లాయో, తనతోనే ఎక్కాయో ఆమెకు తెలియలేదు.

డాక్టరు కళ్లద్దాలు పెట్టుకున్న నడివయసు మనిషి. చెయ్యికి పట్టీ చుట్టి రక్తపోటు చూశాడు. కింది రెప్ప లాగి చూసి, "రక్తమే ల్యా గదమ్మా ఒంట్లో" అన్నాడు. సీసా ఇచ్చి మూత్రం తెమ్మన్నాడు. కొంచెం గాజు గొట్టంలో పోసి, స్పిరిట్ దీపం మీద వంచి పట్టాడు. నీలి మంట గాజును నాకింది. హనుమక్క ఊపిరి బిగబట్టి చూసింది. తేటగా ఉన్న నీళ్లలో, పైభాగాన, పాలచుక్క వేసినట్టు తెల్లటి మబ్బు కమ్ముకుంది. డాక్టరు ఏదో పుల్లటి వాసనొచ్చే నీళ్లు రెండు చుక్కలు వేశాడు. మబ్బు పోలేదు.

"ఏంది సామీ అది?"

"ఒంట్లో ఉండాల్సిన సత్తువ. బయటికి పోతాంది."

"మా అక్కకూ ఇదే." ఆమె కుర్చీ అంచు పట్టుకుంది. "ఇంగెన్నాళ్లు నేనుండేది?"

"అంతదూరం పోవద్దమ్మా. మందులేమైనా వాడతాండావా?"

"మందు ముట్టినదాన్ని కాదు సామీ. సూదీ వేయించుకున్నదాన్ని కాదు. కాపీ కూడా మానేసినా."

లక్ష్మీనరసమ్మ అత్త వైపు ఒకసారి చూసి, డాక్టరు వైపు తిరిగింది. "తలనొప్పి బిళ్లలు మింగుతాది సార్. రోజూ."

"అవి మందు కాదే!" అంది హనుమక్క. "అంగట్లో ఉప్పూ మిరపకాయల పక్కనుంటాయి."

డాక్టరు చెయ్యి చాపాడు. ఆమె తిత్తి విప్పి ఒక బిళ్ల అతని అరచేతిలో పెట్టింది. అతను దాని కాగితం చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. కాపీ మానేసినప్పటి నుంచి అని చెప్పిందామె. డాక్టరు బిళ్లను బల్ల మీద, గాజు గొట్టం పక్కన పెట్టాడు.

"చూడమ్మా, ఈ బిళ్లలో మూడు సరుకులుండాయి. ఒకటి కాపీలో ఉండే సారమే."

"కాపీనా?" ఆమె ఉలిక్కిపడింది. "దీంట్లోనా?"

"కాపీ మానేస్తే కొందరికి తల నొస్తాది. అందుకే ఇది మింగితే నీకు హాయిగా ఉండేది. అయితే నీ ఒంటిని చెడగొట్టింది అది కాదనుకుంటా. దాని పక్కనుండే నొప్పి మందు ఒకటుండాది. ఏండ్ల తరబడి మింగినోళ్ల మూత్రపిండాలు చెడిపోతాండాయని పైదేశాల డాక్టర్లు ఈ నడుమ రాస్తాండారు. ప్రమాణం చేసి చెప్పలేను. గానీ నువ్వు మాత్రం ఇంగ ముట్టొద్దు."

"మరి కాపీ? మా అక్క?"

"మీ అక్కను నేను చూళ్లేదమ్మా. రక్తపోటు ఉండినో, ఇంకేం ఉండినో. నీ మటుకు, పొద్దున ఒక చిన్న గ్లాసు తాగితే మునిగిపోయేదేం ల్యా. బిళ్ల మానేస్తే వచ్చే తలనొప్పికీ తట్టుకుంటావు. ఉప్పు తగ్గించు. నెల తర్వాత రా."

"చెడింది బాగవుతాదా సామీ?"

"చెడినకాడికి చెడింది. మిగిలింది నిలబడతాదేమో చూడాల."

ధర్మవరం చేరిన మర్నాడే తల పగలడం మొదలైంది. వెనకటి మేకులే, వెనకటి మగ్గమే. చౌడమ్మ వచ్చి, "పాపం, ఒక్కటి మింగవే, ఒక్కదానికేమైతాది" అని బిళ్ల చూపిస్తే హనుమక్క పామును చూసినట్టు వెనక్కి జరిగింది. "చౌడీ, నీ కాళ్లు మొక్కుతా. నువ్వూ మింగొద్దు" అంది. చౌడమ్మ ఈసారి నవ్వలేదు. బిళ్లను గుప్పిట్లో మూసుకుని వెళ్లిపోయింది.

మూడో రోజు నొప్పి భరించలేక గోడకు తల ఆనించి కూర్చుంటే, లక్ష్మీనరసమ్మ ఇత్తడి గ్లాసులో కాపీ తెచ్చి ముందుంచింది. బెల్లం వేసిన కాపీ. ఏడేళ్లు దూరం పెట్టిన వాసన ఒక్కసారిగా ఇంట్లో పరుచుకుంది. హనుమక్కకు తిరగలి చప్పుడు వినిపించినట్టయింది. తర్వాత వాచిన ముఖం కనిపించింది.

"నేను తాగలేనే."

"డాక్టరు చెప్పినాడు గదత్తా."

"డాక్టరు మా అక్కను చూళ్లేదే."

కాపీ ఆవిర్లు పోయి చల్లారింది. కోడలు తీసేయబోతే, హనుమక్క రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, కళ్లు మూసుకుని, విషం మింగేదానిలా ఒక గుక్క మింగింది. తర్వాత ఇంకొకటి. ఖాళీ గ్లాసు పక్కన పెట్టి, చీర పైకి జరిపి, తన పాదాలనే చూస్తూ కూర్చుంది.

ఏమీ కాలేదు. సూర్యుడు చూరు దాటేసరికి తల కొంచెం తేలికైంది. అప్పుడామెకు ఏడుపు ఆగలేదు. నొప్పి తగ్గితే ఏడుస్తావేంటికి అని కోడలు అడిగితే కొంగుతో ముఖం కప్పుకుంది. అక్క చావుకి కాపీ కారణమైనంతకాలం, ఆ చావు ఒక గ్లాసులో ఉండేది. గ్లాసు ముట్టకపోతే చాలు. ఇప్పుడది ఎందులో ఉందో తెలియదు. నీళ్లలో ఉండొచ్చు, అన్నంలో ఉండొచ్చు, చల్లగా కనిపించే మరేదానిలోనైనా ఉండొచ్చు. ఆ నెలంతా ఏది నోట్లో పెట్టుకోబోయినా ఒక క్షణం ఆగి చూసేది.

నెల గడిచాక హిందూపురంలో డాక్టరు మళ్లీ దీపం వెలిగించాడు. హనుమక్క మొదట తల తిప్పుకుంది. "చూడమ్మా, భయపడొద్దు" అని అతను గొట్టాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాడు. మబ్బు ఉంది. కానీ పలచగా, తెల్లారేటప్పటి మంచులా, అవతలి కిటికీ కమ్మీలు కనిపించేంత పలచగా ఉంది.

"పూర్తిగా పోలా. తగ్గింది. ఇట్లే జాగ్రత్తగా ఉంటే చానా కాలం నెట్టుకొస్తావు" అన్నాడు డాక్టరు.

లక్ష్మీనరసమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. హనుమక్క మాత్రం లేవలేదు. కుర్చీని ముందుకు జరుపుకుని, బల్ల మీద సీసాలో మిగిలిన దాన్ని వేలితో చూపించింది.

"ఇంగోసారి దీపం మీద కాంచు సామీ."

"అదే వస్తాది గదమ్మా!"

"రానీ. ఈసారి నేను మొదట్నించీ చూస్తా."

డాక్టరు కోడలి వైపు చూశాడు. నవ్వబోయి, హనుమక్క కళ్లు చూసి మానుకున్నాడు. ఇంకో గొట్టం తీసి కడిగాడు. నీలి మంట మీదికి అతను దాన్ని వంచుతుండగా హనుమక్క రెప్ప వేయకుండా, బల్ల మీదికి వంగింది.