బైండింగ్ బాబాయ్ వదిలిన నాలుగు తెల్ల కాగితాలు

బైండింగ్ బాబాయ్ పోయి నెల తిరగకముందే ఆయన కుట్టిన పుస్తకాలన్నిటినీ గోనె సంచుల్లో కుక్కి, మా వీధి రీడింగ్ రూము మెట్ల కింద పడేశారు. పాత కాగితాలవాడు వచ్చేదాకా అక్కడే ఉంటాయట. ఆయన పోయినందుకు నేనెవరినీ తప్పుపట్టను. డెబ్బై దాటాయి. శుక్రవారం నమాజుకు బయల్దేరుతూ షాపు మెట్టు మీద కూర్చున్నారు, మళ్లీ లేవలేదు. సంచుల సంగతి వేరు. అది మనుషులు చేసిన పని.

ఆయన్ని ఎరగనివాళ్ల కోసం చెప్తున్నాను. పటమటలో మా వీధి మొదట్లో ఆయనది ఒంటిగది షాపు. సూది, దారం, మైదా జిగురు, ఒక చెక్క ప్రెస్సు, అంతే సరంజామా. టీవీ సీరియళ్లు ఇంకా ఇళ్లను పట్టుకోని రోజులవి. వారపత్రికల్లో వచ్చే సీరియళ్లను ఆడవాళ్లు వారం వారం చింపి దాచి, అయిపోయాక ఆయనకు తెచ్చి ఇచ్చేవాళ్లు. ఆయన వరసగా పేర్చి, కుట్టి, అట్ట వేసి నవల చేసేవారు. మధ్యలో ఏ వారమైనా తప్పిపోతే, దాని చోట సరిగ్గా అన్నే తెల్ల కాగితాలు పెట్టి కుట్టేవారు. "దొరికితే అతికించుకోండమ్మా, చోటు ఉంచాను" అనేవారు. ఏడాది దాటినా ఎవరూ తీసుకెళ్లనివాటిని రీడింగ్ రూముకు ఇచ్చేవారు. అక్కడి కథల బీరువా అలా నిండిందే.

నేను పదో తరగతితో బడి మానేసి ఆటోనగర్‌లో లేత్ మిషను మీద చేరాను. కొన్నాళ్లకు పని చేసుకుంటూనే దూరవిద్యలో డిగ్రీ కట్టాను. మొదటి ఏడాదే ఎకనామిక్స్ పోయింది. విడివిడిగా వచ్చిన పాఠాలన్నీ కలిపి కుట్టమని బాబాయ్‌కి ఇచ్చాను. తెచ్చుకుని తెరిస్తే, మొదటి పాఠం అవగానే ఒక సీరియల్ మొదటి భాగం. రెండో పాఠం వెనక రెండో భాగం. చివరిదాకా అదే వరస. మండిపోయి షాపుకెళ్లాను.

"ఏంటి బాబాయ్ ఇది? పరీక్ష పెట్టుకుని కథలు చదవమంటారా?"

"పాఠం చదివాకే కథ. దాటేసి చదివావనుకో, నాకు తెలిసిపోద్ది."

"మీకెలా తెలుస్తుందేంటి?"

"నీ చేతులు చూసుకో ఓసారి. నువ్వు ముట్టుకున్న ప్రతి పేజీకీ గ్రీజు అంటుద్ది. తెల్లటి పాఠం పక్కన నల్లటి కథ కనబడిందో, నీ పని అయిపోయినట్టే!"

ప్రతి ఆదివారం పుస్తకం తెమ్మనేవారు. పాఠంలో ఏముందో ఆయనకు పట్టదు, అంచులే చూసేవారు. "నేను చదివింది ఐదో క్లాసేనయ్యా. అతికించింది మాత్రం ఎమ్మే దాకా" అని నవ్వేవారు. ఒకసారి దాటేశాను. ద్రవ్యోల్బణం పాఠం కొత్త చొక్కాలా మెరుస్తోంది, దాని వెనక కథ నిండా నా వేళ్లే. ఆయన కుట్టు విప్పి, ఆ తర్వాతి భాగాన్ని తీసి సొరుగులో పెట్టుకున్నారు. పాఠం అప్పజెప్పాకే తిరిగి కుట్టారు.

కథ వల్ల ఎకనామిక్స్ అర్థమైందని అబద్ధం చెప్పను. పొద్దంతా నిలబడి పనిచేసి ఇంటికొచ్చినవాడికి పుస్తకం తెరవడానికో కారణం కావాలి. ఆ కారణాన్ని ఆయన దారంతో కుట్టి ఇచ్చారు. పాసయ్యాను. ఆ సీరియల్ చివరి వారం మాత్రం ఆయనకు దొరకలేదు. దాని చోట నాలుగు తెల్ల కాగితాలున్నాయి. "వెతుకుతా ఉండు. ఈలోగా ఇంకెవరన్నా చదువుకుంటారు" అని ఆ పుస్తకాన్ని నా చేతే రీడింగ్ రూములో పెట్టించారు. నా తర్వాత ముగ్గురు దాంతోనే చదివారు. పెయింటు, టీ, పసుపు, వాళ్ల మరకలూ అందులో ఉన్నాయి. ఇప్పుడదీ ఆ సంచుల్లోనే ఉంది.

సంచుల గురించి రీడింగ్ రూము కమిటీ కార్యదర్శి గారిని అడిగాను.

"ఇకమీదట పోటీ పరీక్షల పుస్తకాలేనయ్యా. కథలు పెడితే ఎవరూ పాసవ్వరు."

"నేను పాసయ్యానండీ."

"పాసయ్యి ఏం లాభం? ఇంకా లేత్ మీదే ఉన్నావుగా."

ఉన్నానండీ. చదివేది లేత్ దిగడానికేనని మీరనుకుంటున్నారు. బాబాయ్ నన్ను ఆ మాట ఎప్పుడూ అడగలేదు. ఈ వారం కథ ఎలా ఉందనే అడిగారు.

మొన్న ఆదివారం ఫుట్‌పాత్ మీది పాత పత్రికల్లో ఆ చివరి వారం దొరికింది. సరిగ్గా నాలుగు కాగితాలు. నేనింకా చదవలేదు. రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కునే కత్తిరించాను, అయినా అంచున వేలిముద్ర పడింది. వచ్చే మంగళవారం బాబాయ్ నలభయ్యో రోజు. ఆ సాయంత్రం ఆరింటికి మైదా జిగురు గిన్నెతో రీడింగ్ రూము మెట్ల దగ్గర ఉంటాను. ఈలోగా పుస్తకాలు బీరువాలోకి తిరిగి వెళ్లాలి. వెళ్లకపోతే, ఎందుకు వెళ్లలేదో కమిటీ కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఆరింటికి నా చేతికివ్వాలి.