తప్పేటో సెప్పి కొట్టు

ఎచ్చెర్లలో భాషాశాస్త్రం చదువుతున్న హైమావతి, పల్లె మాటలను విశ్లేషించడానికి కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటోంది. ల్యాబులో ఎవరైనా వెనకనుంచి నడిస్తే ఆమె భుజాలు బిగుసుకుంటాయి. తెరమీద ఎర్రని అక్షరాలు కనబడితే తోటివారు విసుక్కుంటారు. ఆమె మాత్రం వాటిని ఇష్టంగా చదువుతుంది. తప్పు ఏ వరుసలో ఉందో యంత్రం చెబుతుంది. ఇంట్లో అన్న త్రినాథ్ ఎందుకు కొడతాడో ఎన్నడూ చెప్పడు. ఒక శనివారం ఆమె ఇంటికెళ్లే పొందూరు బస్సు ఆలస్యమైంది. గుమ్మంలోనే త్రినాథ్ ఆమె జడ చేతికి చుట్టుకుని, తలను గోడకేసి కొట్టాడు.

"సదువు సాల్లే. రేపట్నుంచి ఇంట్లో ఉండు."

"ఒరే, సచ్చిపోతాదిరా," అంది తల్లి తవిటమ్మ, పొయ్యి దగ్గరనుంచి లేవకుండానే.

కనుబొమ్మ చిట్లి రక్తం కంట్లోకి కారుతుంటే హైమావతి అన్నను అడిగింది: "తప్పేటో సెప్పి కొట్టు."

అతడు ఆలోచించాడు. ఏమీ తోచలేదు.

"నన్నే అడుగుతావేటే?" అంటూ డొక్కలో తన్నాడు.

సోమవారం ఆమె కనుబొమ్మపై కుట్లతో ల్యాబుకు వచ్చింది. బట్టల సంచిని కుర్చీ కిందికి తోసి, పక్కనున్న గ్లోరీని అడిగింది: "హాస్టల్లో నీ గదిలో సోటున్నాదా?"

గ్లోరీ ఆ కుట్లను చూసింది.

"ఉన్నాది. కాని నాను గురక పెడతాను," అంది.