ఛాతీ ఎత్తున అంకెలు

ఆ కొండ మీద చెట్లకు అంకెలు వేయించింది నేనే. ఇంకొకరి మీదికి నెట్టేసే పని కాదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

నంద్యాలలో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. ఆ రోజుల్లో సెలవు దొరికితే చాలు, ఆళ్లగడ్డ బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో నల్లమల అంచుకు పోయేదాన్ని. ఏ చెట్టు ఏ చెట్ల సావాసంలో పెరుగుతుంది, ఎక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది అన్నది నా చదువు. మా వైపు ఎర్రచందనం అంటే జనానికి లారీలు, కేసులు గుర్తొస్తాయి. నాకు మాత్రం అదొక మొండి ప్రశ్న. రాళ్ల గుట్టల మీద చిరుమాను, బిల్లుడు చెట్లతో కలిసి ఒత్తుగా పెరిగే ఈ చెట్టు, ఉత్తరానికి వచ్చేకొద్దీ పలచబడి, ఒక వాగు దాటాక ఒక్కటంటే ఒక్కటి కనిపించదు. వాగు అవతల కూడా అదే ఎండ, అవే రాళ్లు. మరి ఎందుకు దాటలేదు? దీని కోసం అటవీశాఖ చుట్టూ తిరిగి అనుమతి తెచ్చుకుని, వాగు ఇవతల తాళ్లతో చదరాలు కట్టి, ప్రతి చదరంలో ఉన్న ప్రతి చెట్టునూ ఛాతీ ఎత్తున టేపుతో కొలిచేదాన్ని. మరుసటేడు మళ్లీ సరిగ్గా అదే చోట కొలవాలి. వేలెడు కిందికి పోయినా లెక్క తప్పుతుంది.

మొదటి ఏడాది వానకు నోట్‌బుక్ తడిసి సిరా అంతా కారిపోయింది. నాకు కోపం ముక్కు మీదుంటుంది. ఆ కోపంలోనే తీర్మానించేశాను, ఇకమీదట చెట్టు కొలత చెట్టు మీదే ఉండాలని. కొలిచినచోట తెల్లరంగుతో ఒక గీత, గీత కింద సెంటీమీటర్లలో చుట్టుకొలత. వాన ఏం చేస్తుందో చూద్దాం అనుకున్నాను.

ఆ అంకెలు రాయడానికి నాకు దొరికిన మనిషి ఆళ్లగడ్డలో రాతి మీద అక్షరాలు చెక్కేవాడు. అక్కడ విగ్రహాలు చెక్కేవాళ్లకు కొదవ లేదు. అక్షరం చెక్కాలంటే మాత్రం అందరూ ఆయన దగ్గరికే పంపేవాళ్లు. గుళ్లో దాతల పేర్లు, ప్రారంభోత్సవ ఫలకాలు, సమాధి రాళ్లు అన్నీ ఆయన చేతివే. ఉర్దూ చదవడం రాదు, అయినా కాగితం మీద రాసిస్తే చుక్క పొల్లు పోకుండా రాతి మీదికి దించేవాడు. మా కాలేజీ తోటకు చెట్ల పేర్ల రాళ్లు చెక్కించడానికి పోయి, ఒక అక్షరం దగ్గర ఆయనతో పోట్లాడి, ఓడిపోయి, స్నేహం చేసుకున్నాను. రాతి దుమ్ముకు ఆయనకు దగ్గు పట్టుకుంది. కొన్నాళ్లు గాలి మారమని డాక్టరు చెబితే నా వెంట అడవికి వచ్చాడు. వాళ్లమ్మ పుట్టిల్లు ఆ కొండ కిందే కాబట్టి దారులు తెలుసు.

మొదటి చెట్టు మీద ఆయన చిన్నగా, ముద్దుగా రాశాడు.

"పెద్దగా రాయన్నా, దూరం నుంచే కనపడాల," అని కసిరాను.

"చెట్టుకు ఫలకం ఏపిస్తాండావే మేడమ్! రిబ్బను కత్తిరించేకి ఎవురొస్తారు?" అన్నాడు.

నవ్వి, జానెడు అంకెలు రాయించాను. రెండేళ్లు అలా సాగింది.

మూడో వేసవిలో ఒక పొద్దున మేమిద్దరమూ కొండెక్కుతుంటే గొడ్డలి చప్పుడు వినిపించింది. ఒకటి కాదు, మూడు నాలుగు గొడ్డళ్లు. తెలివున్న మనిషి ఎవరైనా అక్కడే వెనక్కి తిరిగి, కిందికి దిగి ఫోన్ చేస్తారు. చప్పుడు నా చదరంలోంచి వస్తోంది. నేను పైకే నడిచాను. వద్దు వద్దంటూ ఆయన నా వెనకే వచ్చాడు.

పొద చాటు నుంచి చూస్తే నలుగురు మనుషులు. అప్పటికే ఆరు చెట్లు పడిపోయి ఉన్నాయి. నరికిన మొదళ్ల నుంచి ఎర్రటి రసం మట్టిలోకి కారుతోంది. ముగ్గురి చేతుల్లో గొడ్డళ్లు. నాలుగోవాడి చేతిలో ఏమీ లేదు. వాడు చెట్ల మధ్య తిరుగుతూ గట్టిగా చదువుతున్నాడు.

"డెబ్బై ఒకటి, వద్దులే. తొంభై నాలుగు, ఈడ కొట్టు! నూట రెండు, ఆడ!"

చిన్న అంకెలున్న చెట్ల జోలికి పోలేదు. వెతుక్కునే పని లేదు, కొలుచుకునే పని లేదు. దూరం నుంచే కనపడేటట్టు నేను రాయించిన పట్టిక చూసుకుంటూ, లావుపాటి చెట్లను ఏరి ఏరి కొడుతున్నారు. సిగ్గూ కోపమూ రెండూ ఒకేసారి నెత్తికెక్కాయి.

"ఏయ్! ఎవుర్రా మీరు! మీయబ్బ సొత్తనుకుంటిరా!" అని అరుస్తూ బయటికి దూకి, చేతికందిన రాయి తీసి విసిరాను. అది చదివేవాడి ముఖానికి తగిలింది. పెదవి చీలి, గడ్డం మీదికి నెత్తురు కారింది. ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమే. ఇంకో రాయి కోసం వంగాను.

తల ఎత్తేసరికి ఒకడు గొడ్డలి ఎత్తి నా మీదికి వస్తున్నాడు. ఆయన నన్ను పక్కకు తోసేసి, అడ్డంగా కుడిచేయి చాపాడు. గొడ్డలి ఆ అరచేతిలో దిగింది. దుంగ చీలినప్పటి చప్పుడు వచ్చింది. ఆయన మోకాళ్ల మీద కూలబడ్డాడు. వాడు గొడ్డలి గుంజుకుని, దాని కర్ర పిడితో భుజం మీద మళ్లీ కొట్టాడు. ఇంకొకడు కాలితో డొక్కలో తన్నాడు. నేను ఆ కాలిని కరుచుకుని కొరికాను. నా జుట్టు పట్టి ఈడ్చి, తలను చెట్టుకేసి కొట్టారు. వాళ్ల చెమట వాసన, ఆ చెట్టు పచ్చి రసం వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉన్నాయి. "సాల్లేరా, బేగా పదాండి," అని ఎవడో అన్నాడు. ఎత్తగలిగిన దుంగలు ఎత్తుకుని పోయారు.

చదరం చుట్టూ కట్టిన తాడు కోసి ఆయన మోచేతి కింద బిగించాను. నా చున్నీ మొత్తం చేతికి చుట్టాను, నిమిషంలో తడిసిపోయింది. కొండ ఎలా దిగామో నాకు తెలియదు. ఆటోలో ఆయన తల నా ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. దారిలో ఒక్క మాట అడిగాడు.

"ఏళ్లు ఉండాయా మేడమ్? లెక్కబెట్టు."

"ఐదూ ఉండాయన్నా," అన్నాను. వాటిలో రెండు తోలుకు వేలాడుతున్నాయని చెప్పలేదు. సుత్తి పట్టేదీ ఆ చేయే, కుంచె పట్టేదీ ఆ చేయే. ఆ చేయి పోతే ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది అన్న ఆలోచన తప్ప నంద్యాల పెద్దాసుపత్రి దాకా నాకు ఇంకేదీ తోచలేదు.

రెండు వేళ్లు తీసేశారు. మిగిలినవి కుట్టారు గానీ అవి ముడుచుకోలేదు. నరాలు తెగాయి, ఇక ఇంతే అన్నారు. నేను వెళ్లినప్పుడల్లా ఆయన భార్య లేచి బయటికి పోయేది. నా తలకు పడిన కుట్ల కంటే అదే ఎక్కువ నొప్పి.

రెండు నెలల తర్వాత గుండె చిక్కబట్టుకుని ఆళ్లగడ్డలో ఆయన షెడ్డుకు పోయాను. ఆయన స్టూలు మీద కూర్చుని, ఎడమ చేత్తో సుత్తి ఎత్తడం నేర్చుకుంటున్నాడు.

"తప్పు నాదన్నా. ఆ అంకెలు నేను రాపించకపోతే వాళ్లు..." అన్నాను.

సుత్తి నా మీదికి వచ్చింది. ఎడమ చేతి విసురు కాబట్టి గురి తప్పి మోకాలికి తగిలింది. కళ్ల నిండా నీళ్లు తిరిగాయి, అయినా ఆ దెబ్బ తగిలినందుకు నాకు ప్రాణం తేలికపడింది.

"నువ్వు రాపించినావు, నేను రాసినా," అని అరిచాడు. "నా రాత వాడు సదువుతాంటే నా సెవులతో ఇన్నా. అది గాదు ఇప్పుడు. ఆడ ఇంకా ఎన్ని ఉండాయి?"

"యాభై దాకా."

"అవి అట్లే ఉండాయా? రెండు నెల్లు?" ఆయన నన్ను అసహ్యంగా చూశాడు. "నీకు నిద్దర ఎట్ల పడతాంది మేడమ్?"

జవాబు నా దగ్గర ఉంది. అంకెలు గీకితే వాటిని ఆనుకునున్న గీతలూ పోతాయి, మళ్లీ అదే చోట కొలవలేను. మూడేళ్ల పని అక్కడితో చచ్చిపోతుంది. ఒక మనిషి చేయి పోయినా సరే, నేను నా గీతల కోసం ఆగాను. ఇది రాయడానికి కూడా నాకు సిగ్గుగా ఉంది.

మర్నాడు ఇద్దరు అటవీ వాచర్లను తోడు తీసుకుని, ఇనుప బ్రష్షులతో కొండెక్కాం. మొదటి చెట్టు ఆయనే పట్టుకున్నాడు. ఎడమ చేతిలో బ్రష్షు జారుతోంది, రంగు పోవడం లేదు. పళ్లు కొరుకుతూ బెరడును బాదాడు. బాది బాది, బ్రష్షు నా కాళ్ల దగ్గర పడేశాడు.

"నువ్వే గీకు," అన్నాడు.

గీకాను. కోపమంతా బ్రష్షులోకి దిగింది. రంగుతో పాటు బెరడు పొరలు ఊడి, కొన్నిచోట్ల లోపలి నుంచి ఎర్రటి తడి చిమ్మింది. అయినా ఆగలేదు. అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. ఆయన ఒక్కో చెట్టు దగ్గర నిలబడి, పూర్తిగా పోయిందని చూసుకుని, పక్క చెట్టుకు నడిచేవాడు. తొలికొలత, మలికొలత, తేడా, ఎదుగుదల, అన్నీ పొడిపొడిగా నా చెప్పుల మీద రాలాయి.

వాగు ఒడ్డున ఆఖరి చెట్టు మిగిలింది. దాని మీద ఎనభై ఆరు. రంగు ఇంకా కొత్తగా ఉంది. దాడికి ముందు వారమే రాశాడు దాన్ని. డబ్బాలో రంగు అయిపోయి, ఆ రోజుకు అక్కడే ఆపేశాం. బ్రష్షు ఆనించాను గానీ నా చేయి కదలలేదు.

"ఏందీ, చెయ్యి నొస్తాందా?" అన్నాడు.

"కాదన్నా. ఆ చేత్తో నువ్వు ఆఖరున రాసింది ఇదే."

ఆయన దగ్గరికి వచ్చాడు. ముడుచుకోని కుడిచేతి వేళ్లను ఆ ఎనిమిది మీద పెట్టి, దాని వంపు వెంట మెల్లగా ఒకసారి తిప్పాడు.

"బాగొచ్చింది," అన్నాడు. తర్వాత చేయి తీసేసి పక్కకు జరిగాడు. "గీకు."

గీకాను.