తారు దిగిన లారీ

దయ్యాలను నమ్మేవాడు స్టీరింగు పట్టుకోకూడదని తోటి డ్రైవర్లతో వాదించి తిట్లు తిన్నవాణ్ణి నేను. వాళ్ళు బండికి నిమ్మకాయలు కడుతుంటే నవ్వేవాణ్ణి. ఇప్పటికీ దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

అరవైల మొదట్లో నేను హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్య లారీ తోలేవాణ్ణి. అప్పట్లో ఆ రోడ్డు మీద తారు ఒక్క బండికి సరిపోయేంతే ఉండేది. రెండు పక్కలా మట్టి. రెండు లారీలు ఎదురుపడితే ఖాళీ బండి తారు దిగి లోడు బండికి దారి ఇవ్వాలి. రెండూ లోడు బండ్లయితే చెరో పక్క సగం దిగాలి. దారి ఇచ్చినవాడికి రెండోవాడు చెయ్యెత్తాలి. ఇది పోలీసులు పెట్టిన రూలు కాదు, మా డ్రైవర్ల మర్యాద. అది తప్పినవాడి పక్కన కూర్చుని హోటల్లో ఎవరూ టీ కూడా తాగేవారు కాదు.

నేను ఆ మర్యాదను మోసం చేశాను. మట్టిలోకి దిగితే కంకర రాళ్ళకు టైర్లు చెడతాయని, చెడితే యజమాని నా ప్రాణం తీస్తాడని నా భయం. అందుకని ఖాళీగా వచ్చేటప్పుడు వెనుక ఖాళీ గంపలు పేర్చి, పైన టార్పాలిన్ బిగించి కట్టేవాణ్ణి. చూసేవాళ్ళకు నిండు లోడే. లోడు బండ్లవాళ్ళు కూడా, బరువుకు నేను దిగలేననుకుని వాళ్ళే దిగేవారు. నా తెలివికి నేనే మురిసిపోయేవాణ్ణి.

ఒక వానాకాలం సాయంత్రం అలాగే ధర్మవరం నుంచి పెనుకొండ వైపు వస్తున్నాను. ఎదురుగా ఓబులేసన్న లారీ, హిందూపురం బెల్లం లోడుతో. నాకు బండి తోలడం నేర్పిన మనిషి ఆయన. ఆ జల్లులో నన్ను గుర్తుపట్టి ఉండడనుకుంటాను.

ఆయన సగం దిగాడు. నేను దిగలేదు. ఆయన ఇంకా దిగాడు. కల్వర్టు పక్కన నానిన మట్టి కుంగి, లారీ ఒరిగి పల్లంలో పడింది. అద్దంలో చూశాను. ఆపలేదు. ఆపితే నా గంపల సంగతి బయటపడుతుంది కదా. మూడో రోజు ఆసుపత్రిలో ఓబులేసన్న చనిపోయాడు.

రెండు నెలల తర్వాత ధర్మవరంలో వేరుశనక్కాయలు నింపుకుని బయలుదేరుతుంటే ఆయన భార్య వచ్చింది. హిందూపురంలో పుట్టింటికి పోవాలంది. ఎక్కించుకున్నాను. దారిలో ఆమెకు నిజం చెప్పేయాలని గట్టిగా అనుకున్నాను. ఓబులేసన్న లారీని ఆ పొద్దునే ఒక షెడ్డులో చూసి వచ్చాను. ముందు భాగం నలిగిపోయింది. చక్రాలు ఊడదీసి, మొద్దుల మీద నిలబెట్టారు.

కొంత దూరం పోయాక ఆమే ఆ మాట ఎత్తింది.

“యెదురుగా వచ్చిన ఆయప్పను యెవురూ తిట్టొద్దండి అని చెప్పి కండ్లు మూసినాడప్పా మీ అన్న. పాపం, యెంత బరువేసుకోనుండెనో, దిగలేకపోయినాడు అనె.”

“వదినా” అన్నాను.

అప్పుడే కల్వర్టు అవతల ఒక లారీ కనపడింది. పట్టపగలు, ఎండ బాగా ఉంది. నీలం రంగు చెక్క బాడీ, పగిలిన ఎడమ లైటుకు కట్టిన గోనెపట్టా. ఓబులేసన్న బండే. నిండు లోడు. నేను బ్రేకు మీద కాలు పెట్టేలోపే అది తారు దిగింది. సగం కాదు, పూర్తిగా. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి నన్ను పొమ్మని ఊపింది. పక్కనుంచి పోతూ ఆ ముఖం వైపు తల తిప్పలేకపోయాను. భయం కంటే సిగ్గే ఎక్కువ.

“అచ్చం మీ అన్న బండి మాదిరే ఉండాది. లోడు పెట్టుకోని మొత్తం దిగినాడు, చెయ్యన్నా యెత్తకపోతివే” అంది వదిన.

ఆమె కూడా చూసింది. అందుకే అది నా మనసు చేసిన మాయ అని కొట్టిపారేయలేను.

బండి ఆపి దిగాను. వెనుక రోడ్డు చాలా దూరం తిన్నగా కనపడుతోంది. లారీ లేదు. దుమ్ము కూడా లేదు. అది దిగిన చోట చక్రం ఆనడానికి నేలే లేదు. రెండు నెలల కింద కుంగిన గట్టు కుంగినట్టే ఉంది. దాని కింద పల్లం.

“యేమప్పా, యేమన్నా పడిపోయిందా?” అని వదిన కిటికీలోంచి అడిగింది. లేదన్నాను. మళ్ళీ ఎక్కి హిందూపురం దాకా తోలాను. దిగేటప్పుడు నా భుజం తట్టి, “మీ అన్న నేర్పిన పని, భద్రంగా తోలుకో” అంది. ఆ తర్వాత ఆమె చాలా ఏళ్ళు బతికింది. నేను నిజం చెప్పలేదు. అంత పిరికివాణ్ణి.

ఆ లారీ ఎక్కడి నుంచి వచ్చిందో, ఎటు పోయిందో నాకు తెలియదు. అది నేరుగా వచ్చి నన్ను గుద్ది ఉంటే అర్థం చేసుకునేవాణ్ణి. ఆ దెబ్బకు నేను తగినవాణ్ణే. నాకు దారి ఎందుకు ఇచ్చాడన్నదే ఈనాటికీ అంతుబట్టలేదు.