థేమ్స్ కింద మూడుసార్లు

నా ఉద్యోగమంతా వాటర్ ట్యాంకులు కట్టించడంతోనే గడిచింది. అందుకే రిటైరైన ఏడాది మా ఆవిడతో లండన్ టూర్‌కి బయల్దేరేముందు, ఏ.ఎస్. రావు నగర్‌లోని మా వంటింట్లో ఆమెకి పెద్ద క్లాసు పీకాను. థేమ్స్ నది కింద వందేళ్ళు దాటిన సొరంగం ఉందనీ, మనుషులు నడవడానికే కట్టారనీ చెప్పి, నీటి ఒత్తిడి ఎటునుంచి ఎటు పనిచేస్తుందో కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నది.

"నువ్వేం భయపడకు, నేనుంటా గద" అన్నాను.

భయమేస్తోందని ఆమె ఎక్కడా అనలేదు.

ఆ రోజు రానే వచ్చింది. గుండ్రంగా తిరిగే మెట్లు దిగాం. లోపల చల్లగా ఉంది. గోడల నిండా తెల్ల టైల్స్. నా గొంతు నాకే రెండోసారి వినిపిస్తుంటే ఇంకాస్త గట్టిగా వివరిస్తూ నడిచాను. చివరికొచ్చేసరికి దారి ఇరుకైంది, లోపలంతా ఇనుప తొడుగు. యుద్ధంలో బాంబు పడి దెబ్బతింటే అలా బాగుచేశారని ఆమెకి చెబుతుండగానే నా బట్టతల మీద ఒక నీటిచుక్క పడింది.

చల్లటి ఇనుముకి పట్టిన చెమ్మ, అంతే. ఇంజనీరుకి ఆ మాత్రం తెలియాలి. నాకు మాత్రం పైనున్న నది గుర్తొచ్చింది. మొత్తం నది. ఆమెకి ఒక్క ముక్కయినా చెప్పకుండా వెనక్కి తిరిగి, ఎదురైన ప్రతివాళ్ళకీ "సారీ, సారీ" అంటూ పరుగులాంటి నడక అందుకున్నాను.

పైకొచ్చి ఊపిరి పీల్చుకుంటుంటే ఫోన్ మోగింది.

"యాడున్నరండీ?"

"బయటికొచ్చిన."

"నేను సుత బయటనే ఉన్న. కనబడ్తలేరేంది?"

"నది అవతల చూడు. చెయ్యి ఊపుతున్న."

అవతలి గట్టున చిన్నగా ఒక చెయ్యి లేచింది.

"ముందుకు యాభై అడుగులేస్తే మెట్లుండె. సొరంగమంత మల్ల ఎనక్కి నడిచిన్రా?"

నిజం చెప్తున్నాను, ఆ సంగతి అప్పటిదాకా నాకు తట్టనేలేదు.

"పడవ గిట్ల ఉంటదేమో చూస్తా" అన్నాను.

"ఏం జూడకున్రి. ఆడ్నే ఉండున్రి."

పావుగంటలో సొరంగంలోంచి ఆమే వచ్చింది. ఏమీ అడగకుండా నా చొక్కా చెయ్యి పట్టుకుని మళ్ళీ మెట్లు దింపింది. దారంతా బోయిన్‌పల్లి మార్కెట్లో నేను ఎప్పుడూ పుచ్చు వంకాయలే ఎందుకు ఏరుకొస్తానో వివరంగా చెప్పుకుంటూ పోయింది. వాదిస్తూ వాదిస్తూ, ఇనుప తొడుగు ఎప్పుడు దాటామో నేను చూసుకోలేదు.

తిరిగొచ్చాక, సైనిక్‌పురి పార్కులో పొద్దున్నే నడకకొచ్చే మిత్రుడొకాయన అడిగాడు: "నది కింద నడుస్తుంటే జెర భయం కాలేదా సార్?"

"భయమా? నేను మూడుసార్లు నడిచిన" అన్నాను.

ఆయన ముఖంలో గౌరవం కనబడింది. పక్కనే ఉన్న మా ఆవిడ చెప్పు పట్టీ సరిచేసుకోవడానికి వంగింది. లేవడానికి చాలాసేపు పట్టింది.